పరారుణ దీపాల గదిలో పదేళ్ళు

మొన్న నెల్లూరులో మోకాలి నొప్పికి వైద్యం చేసే అమ్మాయి నా కాలి మీదికి ఒక ఎర్ర దీపాన్ని వంచి, స్విచ్చి వేసి, పది నిమిషాలు కదలకుండా ఉండమని చెప్పి తలుపు చేరవేసి వెళ్ళింది. ఆ సెగ చర్మానికి తగలగానే నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను. కాలిందా అని ఆ పిల్ల కంగారుపడితే, లేదమ్మా, తలుపు తెరిచి ఉంచు చాలు అన్నాను. ఎందుకన్నది ఆమెకు చెప్పలేదు. నా ఈడు వాళ్ళయితే ఓపిగ్గా వింటారని మీకు చెబుతున్నాను.

మాది ఉదయగిరి. కావలిలో బి.ఎస్సీ. రెండో ఏడు పూర్తిచేసిన వేసవిలో, ఎనభైల మొదట్లో, నన్ను ఆత్మకూరు ఇచ్చారు. మూడో ఏటి పరీక్షలు మేమే రాయిస్తామని మామగారు మా నాయనకు మాటిచ్చారు, మోసం చేయాలని ఇచ్చిన మాట కాదనే ఇప్పటికీ అనుకుంటాను. ఆయన ఇంటి వెనక షెడ్డులో ఇనుప బీరువాలు చేయించేవారు, అటు వింజమూరు, కలిగిరి దాకా పెళ్ళిళ్ళకు అవే వెళ్ళేవి. ఆరుబయట ఆరబెడితే తడి రంగు మీద దుమ్ము పడుతున్నదని, నేను కాపురానికి వచ్చిన ఏడే మద్రాసు నుంచి పరారుణ దీపాలు తెప్పించి, షెడ్డు మూలన కిటికీ లేని గది కట్టించి, రెండు గోడలకూ పన్నెండేసి బిగించారు. చదువుకున్న పిల్ల గదా అని ఆ గది నాకు అప్పగించారు.

మొదట్లో నాకు సరదాగానే ఉండేది. పుస్తకంలో చదివిందే కళ్ళముందు జరిగేది. పొయ్యి సెగ గాలిని కాచి, ఆ గాలితో వస్తువును కాచుతుంది. ఈ దీపాలు అలా కాదు, ఎరుపుకు అవతల కంటికి కనబడని కాంతిని పంపిస్తాయి, అది ఎండ లాగే గాలిని దాటుకుని తిన్నగా వచ్చి, పడిన చోట వేడిగా మారుతుంది. రంగు పూత దాన్ని తాగేస్తుంది, మెరిసే అల్యూమినియం రేకు వెనక్కి కొట్టేస్తుంది. అందుకే ప్రతి దీపం వెనకా ఒక రేకు ఉండేది.

అయితే బీరువాల గిరాకీ అంతా పెళ్ళిళ్ళ కాలంలోనే, నా పరీక్షలూ సరిగ్గా అప్పుడే. వచ్చే ఏడు రాద్దువులేమ్మా అనేవారు మామగారు. ఆ వచ్చే ఏడు ఎన్నిసార్లు వచ్చిందో. రంగులో కలిపే థిన్నరు వాసన చీరల్లోనే కాదు, నేను కలిపే అన్నంలోనూ ఉన్నట్టు తోచేది. ఉదయగిరి బస్సు హారను గది లోపలికి వినబడేది, నాయనకు చెబితే కుమిలిపోతాడని చెప్పేదాన్ని కాను.

నాలుగో ఏడు, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అదే అదనుగా తడి బీరువాను రెండో పక్కకు తిప్పుదామని లోపలికి వెళ్ళాను. అటుగా వచ్చిన మా అత్త, తలుపు తెరిచి ఉంటే దుమ్ము పడుతుందని, నేనున్నది చూడక బయట గడియ పెట్టేసింది. అంతలో కరెంటు వచ్చింది. ఇరవైనాలుగు దీపాలూ ఒక్కసారి వెలిగాయి, బయట రంగు కొట్టే మిషను కూడా మొదలైంది. ఆ హోరులో నేను తలుపు బాదింది ఎవరికీ వినబడలేదు. మీటలన్నీ బయటే.

కుడి చెయ్యి, చెంప మండిపోతుంటే ఒకటే ఆలోచించాను, ఇది కాంతి, తిన్నగానే వస్తుంది, అడ్డం పెడితే ఆగుతుంది. మూలన పాడైపోయి తీసిపెట్టిన రేకు ఒకటి ఉండేది. దాన్ని ముందుకు లాక్కుని, బీరువాకూ దీపాల్లేని గోడకూ మధ్య ముడుచుకుని కూర్చున్నాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. ఆకలై, ఇంట్లో కనబడక నన్ను వెతుక్కుంటూ వచ్చిన మా ఆయన గడియ తీశాడు.

చెయ్యి బొబ్బలెక్కింది. అత్త కొంగుతో విసురుతూ ఏడ్చింది. మామగారు మాత్రం గోడకున్న ఉష్ణమాపకం చూసి, "నలభై రెండే గదమ్మా ఉండాది. రోహిణిలో బయట ఇంతకంటే ఎక్కువే గదా" అన్నారు.

నాకు ఏడుపు ఆగిపోయింది. "అది గాలి వేడి, మామా. మీ చెయ్యి దీపం ముందర పెట్టండి" అన్నాను. ఆయనతో అంతవరకూ ఎదురు మాట్లాడింది లేదు. ఆయన పెట్టారు. కాసేపటికే చెయ్యి లాక్కున్నారు. "నువ్వు ఇందులో ఎంతసేపున్నావు?" అని మెల్లగా అడిగి, నేను చెప్పేలోగానే సుత్తి తెమ్మని మా ఆయన్ను కేకేశారు. ఆ గడియ ఆయనే ఊడగొట్టి, లోపల ఒక మీట పెట్టించారు.

గడియ పోయింది గాని, చెయ్యి మానగానే నేను మళ్ళీ ఆ గదికే వెళ్ళాను. ఇంకో ఆరేళ్ళు. తొంభైల మొదట్లో కంపెనీ బీరువాలు లారీల్లో దిగడం మొదలయ్యాక మా షెడ్డు మూతపడింది. అప్పుడు మామగారే వచ్చి, ఇప్పుడు రాయమ్మా, నేను తోడొస్తాను అన్నారు. ఇద్దరం కావలి వెళ్ళాం. సిలబసు మారిపోయింది, పాత రెండేళ్ళు చెల్లవు, మళ్ళీ మొదటి నుంచి చేరాలి అన్నాడు గుమాస్తా. తిరుగు బస్సులో మామగారు నా పక్క సీటులో కూర్చున్నారు, ఆ రోజుల్లో అది జరిగే పని కాదు. కలిగిరి దాటిన తరవాత, తప్పు నాదేనమ్మా అన్నారు.

ఇప్పుడు అలాంటి గదుల్లో తలుపు తీస్తే చాలు, దీపాలు వాటంతటవే ఆరిపోతాయట. ఇంట్లో కూర్చుని పరీక్షలు రాసే వీలూ వచ్చింది. నా మనవరాలు అలాగే రాస్తోంది, నా గది తలుపేసుకుని. బయట నిలబడి, టిఫిను చల్లారిపోతున్నా పిలవకుండా కాచుకుంటాను.