మా చిన్నమామ, నేరేడు కొమ్మ

మా చిన్నమామకు రాని పని లేదు. ఆ సంగతి ఆయనే మాకు చెప్పాడు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు కాబట్టి మేమూ కాదనలేదు. హన్మకొండలో ఏదో సర్కారు ఆఫీసులో గుమస్తా. ఫైళ్లు కుట్టే దబ్బనం తప్ప ఆయన చేతిలో మరో పనిముట్టును ఎవరూ చూడలేదు. అయినా వడ్రంగి, తాపీ, వైద్యం, వంట అన్నింటిలోనూ ఆయన మాటే చివరి మాట.

నేను ఇంటర్ చదివే రోజులవి. కాశిబుగ్గలో మా పెరటి నేరేడు చెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి సందులోకి వంగింది. ఆ సందులోనే ఎదురింటి నేతవాళ్లు పడుగు నూలు సాగదీసి, గంజి పెట్టి ఆరబెట్టుకునేవారు. కాయలు పండితే తెల్లటి నూలు మీద ఊదారంగు మచ్చలు. ఎదురింటి పెద్దమ్మ చాలా ఓపిక పట్టి, చివరికి మా నాన్నతో అన్నది.

"మేం తెల్లచీరె నేస్తాంటే మీ చెట్టు పైనుంచి అద్దకం ఏస్తాంది. గా కొమ్మ సంగతి జర చూడు తమ్మీ."

నాన్న చెట్లు కొట్టే మనిషిని పిలుద్దామనుకున్నాడు. ఆ మాట మామ చెవిన పడింది.

"కొమ్మ కొయ్యనీకి మనిషెందుకు బావా? ఫికర్ చెయ్యకు. నేనున్న."

మా భయమూ అదే.

ఆదివారం పొద్దున అత్తను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడే నరికించిన పచ్చి వెదురు బొంగు, చివరన నూలు తాళ్లతో కట్టిన రంపం. నిచ్చెన ఎక్కడం ప్రమాదమట, అందుకని నేల మీద నిలబడే కోస్తాడట. పొట్టు కళ్లలో పడకుండా నల్లద్దాలు, తలకు తువ్వాల. ఇంతటి జాగ్రత్తపరుడిని మేం చూడలేదు. కొమ్మకు మూరెడు దూరంలో కరెంటు తీగ ఉన్నదన్న ఒక్క విషయం మాత్రం ఆ నల్లద్దాల్లోంచి కనిపించలేదు.

అమ్మ చూపించింది. మామ నవ్వి, లోపలికి పోయి, మా ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి వచ్చాడు.

"ఇగ కరెంటు లేదక్కా."

"మనింట్ల లేదు. గా తీగల ఎందుకుండది తమ్మీ?"

"అంతా ఒక్కటే లైను."

సందు చివర పవర్‌లూములు టకటకమని ఆడుతూనే ఉన్నాయి. అమ్మ వాటివైపు చెయ్యి చూపించింది. మామ కాసేపు శ్రద్ధగా విని, "అవి వేరే" అన్నాడు. అమ్మ పోయి బొంగు మీద కూర్చుంది. నాన్న సైకిలేసుకుని పోయి లైన్‌మన్‌ను పిలుచుకొచ్చేదాకా లేవలేదు.

లైన్‌మన్ కరెంటు తీసేశాడు. లూములు ఆగాయి. పని ఆగిన వాళ్లంతా వచ్చి సందులో నిలబడ్డారు. మామకు కావలసింది అదే. "అందరు దూరం పోండ్రి, కొమ్మ కిందికి ఎవరు రావద్దు" అని ఉపన్యాసం లాంటిది ఇచ్చాడు. అందరం జరిగాం. తాను మాత్రం పెరట్లో సరిగ్గా కొమ్మ కింద నిలబడి కోయడం మొదలుపెట్టాడు.

బరువు కొమ్మకు ముందు అడుగున చిన్న గాటు పెట్టాలని, ఆ తర్వాతే పైనుంచి కోయాలని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మామకు తెలియదు. ఆయనకు తెలియనిది ఒకటుందని మాకూ తెలియదు. సగం తెగేసరికి రంపం ఇరుక్కుంది. మామ బొంగు పట్టుకుని వేలాడినంత పని చేశాడు. పైన ఫెళ్లుమన్నది. కొమ్మ విరిగి కింద పడలేదు, మాను బెరడును చీల్చుకుంటూ లోపలివైపుకు, మామ మీదికి తిరిగింది. ఆయన తలెత్తి చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.

అత్త ఎప్పుడు పరుగెత్తిందో ఎవరమూ చూడలేదు. పెళ్లయి అన్నేళ్లయినా మా ముందు మామ పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి, వెనకనుంచి ఆయన చొక్కా రెండు చేతులతో పట్టి గుంజింది. చొక్కా వీపు పొడుగునా చిరిగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ఆయన నిలబడిన చోటు మీదుగా కొమ్మ వెళ్లి మా స్నానాల గది రేకు మీద పడింది. రంపం ఊడి గోడకు తగిలి కింద పడింది.

సందులో ఒక్కరూ నవ్వలేదు. నేను అంతదాకా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నదాన్నే. ఆగిపోయాను.

అమ్మ చాయ్ తెచ్చింది. అత్త గడప మీద కూర్చుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. అన్ని రోగాలకూ మందు చెప్పే మామ ఆమె ముందు చిరిగిన చొక్కాతో ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. చివరికి తన చాయ్ గ్లాసు ఆమెకు అందించాడు. సగం గడప మీదే ఒలికింది.

"తాగు. నాకేం కాలే."

"కాకపోతే మంచిదే" అన్నది అత్త. గ్లాసు మాత్రం తీసుకుంది.

ఆ రోజంతా మామ ఎవరికీ సలహా చెప్పలేదు. మర్నాడు నాన్న స్నానాల గది రేకు బిగిస్తుంటే, మేకు ఎట్లా కొట్టాలో చెప్పడానికి పొద్దున్నే వచ్చాడు. అమ్మ వాకిట్లో దూరంగా కుర్చీ వేసి, ముందు పల్లికాయల గంప పెట్టింది.

"తమ్మీ, జర గివి ఒల్చి పెట్టు. నీ అంత మంచిగ ఎవలకు రాదు."

మామ ఒప్పుకున్నాడు.