తప్పు గద్దదట

నిన్న మధ్యాహ్నం కరెంటు పోతే ఫోను చేశాను. అవతలి అమ్మాయి తేనె కలిపిన గొంతుతో, "పక్షి వల్ల అంతరాయం సార్" అంది. నాకు ఒళ్లు మండింది, ఫ్యాను ఆగినందుకు కాదు. ఎనభైల మొదట్లో పుంగనూరు పక్కన మా మేనత్త తోటలో కూడా ఇదే నింద విన్నాను.

అత్త మనిషి సన్నమే గానీ, గొంతు విప్పితే కుప్పంలో కదలబోయే బెంగళూరు రైలు ఎవరో పిలిచారనుకుని ఆగిపోయేది. ఆమె టమోటా తోటకు కాపలా ఒక గద్దల జంట. వాటి భయానికి జిల్లాలోని ఎలుకలన్నీ పిల్లాపాపలతో కర్ణాటకకు వలసపోయాయని ఆమె వాదన. గట్టున కొత్తగా నాటిన కరెంటు కంబానికి పైన ఇనుప అడ్డకమ్మీ, దానికి జానెడు దూరంలో తీగ. ఒకరోజు మగగద్ద ఆ కమ్మీ మీద దర్జాగా వాలి, ఎగరబోతూ రెక్క విప్పింది. రెక్క తీగకు తగిలింది, కాళ్లు ఇనుము మీదే ఉన్నాయి. గద్ద కిందపడింది, పంపుసెట్టు ఆగింది.

లైన్‌మ్యాన్ వచ్చాడు. చచ్చిన గద్దను కాలితో పక్కకు తోసి, ఫ్యూజు వేసి, "ఏం లేదమ్మా, బర్డ్ ఫాల్ట్" అన్నాడు.

ఫాల్టంటే తప్పని అత్తకు తెలుసు. "తప్పు దానిదా అప్పా? కంబం ఈడ నాటమని అదేమన్నా అడిగిందా? చింతచెట్టు గూట్లో పిల్లలుండాయి. తల్లిగూడా ఈడనే వాల్తాండాది. అదీ పోతే వాటికి మేత నువ్వు పెడతావా?"

ఇంగ్లీషు చదువుకున్నవాణ్ణని నన్ను వెంటేసుకుని మదనపల్లె ఆఫీసుకు దండెత్తింది. అక్కడి ఇంజనీరు నవ్వు ఆపుకుంటూ, "ఫాల్టంటే తప్పు కాదమ్మా, అంతరాయం" అన్నాడు.

"యెవురికి సార్? మా పంపు మజ్జాన్నానికే మళ్లా తిరిగింది. గద్ద యాల లేసి రాలే?"

ఆయన నవ్వు మాయమైంది. తీగకు రబ్బరు తొడుగు వేయిస్తానని, సరుకు రావాలని చెప్పాడు. ఆ సరుకు ఏ సప్తసముద్రాలు ఈదుకుంటూ వచ్చిందో గానీ, తల్లిగద్ద కూడా అదే కంబం కింద పడిన మర్నాడు చేరింది.

తొడుగు వేసి దిగిన లైన్‌మ్యాన్, "ఇంక ఫాల్టు రాదులేమ్మా" అన్నాడు. అత్త చెట్టెక్కే మనిషిని పిలిపించి, మేక కార్జం ముక్కలు కోసి గూట్లో పెట్టించింది. పిల్లలు వాటిని ముట్టలేదు. ఆకాశం వైపు నోళ్లు తెరిచి అరిచాయి, తర్వాత అరవడం మానేశాయి.

ఆఫీసువాళ్లకు అది కాస్త ఆలస్యం; ఆ పిల్లలకు అదే మొత్తం ఆయుష్షు.