కరీముల్లా గారి పెద్ద అక్షరాలు

కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసిన దగ్గర్నుంచీ లినక్స్ కంప్యూటర్లో అక్షరాలు మరీ పెద్దగా వస్తున్నాయని, మంగళగిరిలో ఒక ప్రెస్సు ఓనరు గారు ఈ ఉదయం నన్ను పిలిపించారు. ఆ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేస్తే మానిటర్ నల్లబడింది. మళ్లీ వేశాను, మళ్లీ నల్లబడింది. మధ్యాహ్నం దాటి, నా నడుం పడిపోయాక, అక్షరాలు మామూలు సైజుకి వచ్చాయి.

అక్కడ టైపు చేసే పెద్దాయన కరీముల్లా గారు తెరకి ముక్కు ఆనించి చూసి, నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు.

"ఇందాకటిలాగే పెట్టెయ్యండి బాబూ. నాకు చూపు ఆనట్లేదని తెలిస్తే మానిపిచ్చేస్తారు. ఈ వారమే తప్పుల్లేకుండా కొట్టాను."

పొద్దుటి నుంచి చేసిందంతా రెండు నిమిషాల్లో తీసేశాను. "ఈ కార్డుకి ఇంతకన్నా రాదండీ" అని ఓనరు గారితో చెప్పాను.

"పని తెలిసినోళ్లని పిలవాల్సింది" అన్నారాయన.

విజయవాడ దాకా బస్సులో నిలబడే వచ్చాను. మీరైతే ఏం చెప్పేవారండీ?