చావుబావిలో తీసిన ఫోటో

1991 వేసవి. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. నా గిరాకీ అంతా కదలకుండా కూర్చునే మనుషులు. పెళ్ళిజంటలు, పాస్‌పోర్టు సైజు ముఖాలు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టేవాళ్ళు. అలాంటి నా దగ్గరికి ఖాజా వచ్చాడు. ఊళ్ళో ఎగ్జిబిషన్ పడింది. అక్కడ చెక్కలతో కట్టిన చావుబావిలో, నిట్టనిలువు గోడ మీద మోటార్ సైకిల్ నడిపేది అతనే.

"రెండు చేతులిడిసి తిరుగుతుంటే ఒక్క ఫోటో కావాలన్నా, గేటు కాడ పెడ్త. ఇద్దరు తీసిన్రు. ఇద్దరికీ ఒట్టి చెక్కలే వచ్చినయి," అన్నాడు.

"ఫ్లాష్ కొడితే వస్తది."

"గది మాత్రం కొట్టకు. కండ్లు చెదిరితే నేనుండ."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఒట్టి చెక్కలు ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. దాన్ని షట్టర్ లాగ్ అంటాం. మీట నొక్కడానికీ, షట్టర్ తెరుచుకోవడానికీ మధ్య జరిగే ఆలస్యం. రెప్పపాటు కూడా ఉండదు, కానీ ఆలోగా బండి దాటిపోతుంది. పైగా ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మనకు బొమ్మ చూపించేది లోపలి అద్దం. ఫోటో పడేటప్పుడు అది పైకి లేస్తుంది, కంటికి అంతా చీకటి. నేను చూసిన క్షణం ఫిల్ము మీద ఉండదు. ఫిల్ము మీద పడిన క్షణం నేను చూడను.

మధ్యాహ్నం, షోకు ముందు, వెలుతురు కోసం పైన టార్పాలిన్ తీయించాం. నేను బావి అంచున నిలబడ్డాను. ఖాజా భార్య మహబూబీ నా పక్కనే అంచు కమ్మీ పట్టుకుని నిలబడింది. చూపు బావిలోంచి తిప్పలేదు.

బండి గోడ ఎక్కింది. చెక్కలు నా కాళ్ళ కింద ఊగుతున్నాయి. అతను చేతులు వదలడం కెమెరాలో చక్కగా కనిపించింది, నొక్కాను. కనిపించిందంటే చిక్కలేదన్నట్టే.

కిందికి దిగి తలెత్తాడు. "వచ్చిందా అన్నా?"

"రాలేదు."

రెండోసారి తొందరపడి ముందే నొక్కాను. మళ్ళీ "రాలేదు" అన్నాను. నేను తప్పినప్పుడల్లా అతను ఇంకోసారి చేతులు వదలాలి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి నా వేళ్ళకు చెమట పట్టింది.

మూడోసారి చూపును నమ్ముకోలేదు. బండి మోతను విన్నాను. మోత దగ్గరపడుతుండగానే, అలవాటుగా ఎడమ కన్ను మూసుకుని, నొక్కాను. చీకటి. ఆ చీకట్లోనే టైరు జర్రున జారిన చప్పుడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కెమెరా దించేసరికి బండి అడ్డదిడ్డంగా ఊగుతూ, ఎలాగో నిలదొక్కుకుని కిందికి దిగుతోంది.

ఖాజా ముఖం పాలిపోయింది. అయినా అడిగాడు. "వచ్చిందా?"

వచ్చిందో లేదో ఫిల్ము కడిగితే గాని ఏ ఫోటోగ్రాఫరుకూ తెలియదు.

"వచ్చింది. ఇగ బండి బందు చెయ్యి," అన్నాను.

ఆ సాయంత్రం భయంభయంగానే ఫిల్ము కడిగాను. వచ్చింది. గోడకు అడ్డంగా బండి, దువా చేస్తున్నట్టు తెరిచిన రెండు చేతులు. కానీ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. మా లెక్కలో కళ్ళు మూసుకుంటే ఫోటో చెడినట్టే, మళ్ళీ తీయాలి. మళ్ళీ అనుకోగానే ఆ టైరు చప్పుడే చెవిలో మోగింది.

పొద్దున మహబూబీ ఒక్కతే వచ్చింది. ఫోటో చేతికిచ్చి, "కండ్లు మూసిండు చెల్లె," అన్నాను.

"ఎప్పుడూ మూస్తడు. చేతులిడిసినంక చూస్తే భయమైతదట."

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే. గందుకే షో షోకు ఆడ నిలబడ్త. ఆయన కండ్లు తెరిసేదాంక నేను రెప్ప కొట్ట."

ఆ క్షణంలో అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. చూసింది ఆమె ఒక్కతే.

"మల్ల ఎక్కియ్యకన్నా. నువ్వే కండ్లు గియ్యి," అంది.

ఆ రోజుల్లో మాకు రిటచింగ్ ఉండేది. సన్న కుంచెతో ఫోటో మీద లోపాలు దిద్దడం. ఖాజాకు రెండు కళ్ళు తెరిపించాను. గేటు దగ్గర ఆ ఫోటో చూసి జనం, "ఏం గుండెరా వీనిది, కన్నార్పకుంట తోల్తుండు," అనుకుంటూ లోపలికి పోయేవారు.

అప్పటినుంచి మీట నొక్కేటప్పుడు నేను ఎడమ కన్ను మూయను. కెమెరాకు ఆనించిన కంటికి చీకటైనా రెండోది మనిషి మీదే ఉంటుంది. ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.