బాణాలు తీసేసిన రేవు

నాకు కుదురు తక్కువ. టీ చల్లారేదాకా కూడా ఒకచోట కూర్చోలేను. అలాంటిదాన్ని, సిరిపురంలో ఒక చిన్న గేమ్ కంపెనీలో ఎనిమిదేళ్ళు కూర్చుని, ఆడేవాళ్ళకి దారి చూపించే పచ్చ బాణాలు గీశాను. ఇటు తిరుగు, అది ఎత్తు, ఈ తలుపు తెరువు. ఎవరైనా నా ఆటలో దారి తప్పితే నాకు ఒళ్ళు మండేది.

ఈమధ్య గాలి మారింది. ఇటుకలు పేర్చుకునే శాండ్‌బాక్స్ ఆటలు ఆడి పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళకి మా కథలు అక్కర్లేదు, చోటు కావాలి. కార్ల రేసు కొంటే రోడ్డు తామే వేసుకుంటామంటారు. యుద్ధం ఆట కొని, యుద్ధం మానేసి ఇల్లు కట్టుకుంటారు. పెద్ద కంపెనీలే ఆ దారి పడితే మేమెంత? మా మేనేజరు ఒక పొద్దున్న పిలిచి, నేను చేస్తున్న రేవు ఆటలో బాణాలన్నీ తీసేయమన్నాడు. సోమవారం చూస్తాడట, నచ్చితే కొత్త టీములో నన్ను ఉంచుతాడట. నచ్చకపోతే బాణాలతోపాటు నేనూ పోతానని అతను అనలేదు. నాకే వినబడింది.

శుక్రవారం లాప్‌టాప్ పట్టుకుని గాజువాకలో అక్కావాళ్ళింటికి పరిగెత్తాను. మా బావ ఆటోనగర్‌లో హైడ్రా నడుపుతాడు. షెడ్ల మధ్య ఇనుప దూలాలు ఎత్తి దించే క్రేను బండి అది. నిజమైన క్రేను మనిషి, పైగా ఆ రోజు ఆయుధపూజ, సెలవు. ఇంతకన్నా మంచి రోజు దొరకదని మురిసిపోయాను.

ఆట తెరిచి లాప్‌టాప్ బావ ముందు పెట్టాను. తెర మీద ఓడ, కంటైనర్లు, క్రేను. బాణాలన్నీ తీసేశాను గానీ మనసొప్పక ఒక్కటి ఉంచాను, క్రేను స్టార్ట్ చెయ్యమని మెరిసేది. బావ రేవంతా తిరిగాడు. క్రేను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. స్టార్ట్ మాత్రం చెయ్యడు. నేను లేచాను, కూర్చున్నాను, వంటింట్లోకి వెళ్ళొచ్చాను. అక్క పెట్టిన పులిహోర అలాగే వదిలేశాను. ఇక ఉండబట్టలేక, ఆ మెరిసేది నొక్కమన్నాను.

"ఈయాల బండి తియ్యం కదమ్మా," అన్నాడు బావ. "దండెక్కడెట్టావు? ముందు దండెయ్యాల."

పొద్దున్నే హైడ్రా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, తాళాలు దేవుడి ముందుంచి వచ్చాడు. రేపటిదాకా వాటిని ముట్టడు. ఇది బొమ్మ క్రేను కదా అన్నాను.

"బొమ్మైతే ఏటి, క్రేనే కదా."

నా రేవులో పువ్వనేదే లేదు. బావ వెతికి వెతికి, ఒక పసుపు తాడు కనబడితే దండలా క్రేనుకి వెయ్యబోయాడు. 'ఇక్కడ పెట్టకూడదు' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అవి నేను రాసినవే. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ వచ్చాయి. బావ మౌస్ వదిలేసి వెనక్కి వాలాడు.

"ఇది నీ రేవు, పాపా. నాకు సోటేదీ?"

ముందు కోపం వచ్చింది. ఆ వెనకే సిగ్గు వచ్చింది. ఆయుధపూజనాడు బండి తియ్యరని తెలిసి పెరిగినదాన్ని, ఆ రోజే వచ్చి ఆయన చేత క్రేను తోలించాలని కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో ఎంతమంది ఇలా మౌస్ వదిలేసి లేచిపోయారో.

శని, ఆదివారాలు కుర్చీ వదల్లేదు. మిగిలిన బాణం తీసేశాను. ఎర్ర అక్షరాలు తీసేశాను. ఏ వస్తువైనా ఎక్కడైనా పెట్టుకునేలా కోడ్ మార్చాను. బంతిపూలు కూడా చేర్చాను.

సోమవారం మేనేజరు ఆట తెరిచి, టీ తెప్పించి, ఇప్పుడేం చెయ్యాలని నన్నడిగాడు. నా వేలు దానంతటదే లేవబోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, నాకు తెలియదన్నాను. అతను కాసేపు విసుక్కున్నాడు. తర్వాత రేవులోని నూనె డ్రమ్ములు ఒక్కొక్కటే తెచ్చి నీళ్ళ వైపుగా వరసలో పెట్టసాగాడు. ఎందుకో నేనడగలేదు. ఫోన్ మోగితే చూడకుండానే కట్ చేశాడు.

నా టీ చల్లారిపోయింది. నేను లేవలేదు.