సాక్సు మీద పసుపు

పెద్దముత్తైదువ అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నచోట మొదటి తాంబూలం ఎవరి చేతిలో పెడతారో ఆవిడ పెద్దముత్తైదువ. వయసు ఒక్కటే చాలదు. భర్త బతికుండాలి, నోరు మంచిదై ఉండాలి, పది ఇళ్ళవాళ్ళు ఆవిడ చేతిచలవ కోరుకోవాలి. పసుపు, కుంకుమ, గాజులు, సూత్రాలు, మట్టెలు, ఈ ఐదూ ఒంటిమీద కనబడాలని మా అమ్మమ్మ చెప్పేది.

కెనడాలోని మా బ్రాంప్టన్‌లో పదకొండేళ్ళుగా ఆ పీట సూర్యకుమారిదే. వారమంతా గోడౌనులో అట్టపెట్టెలకు టేపు అంటిస్తుంది. శని, ఆదివారాల్లో ఎవరింట్లో నోము ఉంటే అక్కడ ఉంటుంది. పురిటికి తల్లి రాలేని పిల్లల పక్కన ఆసుపత్రిలో కూర్చునేది ఈవిడే, మంచు తుఫానులో పత్యం చారు మోసుకెళ్ళేదీ ఈవిడే. అయినా నాకు ఆవిడమీద అనుమానం.

కారణం సాక్సు. పేరంటంలో కాళ్ళకు పసుపు రాయబోతే ఎక్కడైనా ఒకటే మాట: "చలిగా ఉందమ్మా, పైనే ఓ చుక్క పెట్టెయ్." జూలైలోనూ అదే చలి. ఆవిడ కాలివేళ్ళు చూసినవారు లేరు. వాళ్ళాయన్ని చూసినవారూ లేరు. ఎక్కడో సముద్రపు ఒడ్డున హాలిఫాక్స్‌లో ఉద్యోగం అంటుంది, అంతే. చిన్నప్పుడు గుంటూరు కాన్వెంటులో సిస్టర్ నన్ను తోమా అని పిలిచేది. ఏసు గాయంలో వేలు పెట్టి చూస్తేగాని నమ్మని శిష్యుడి పేరు అది.

ఒకరోజు మాల్‌లో నడకకు వచ్చే మా ముసలి బృందానికి నేనొక కథ చెప్పాను. సూర్యకుమారి మొగుడు జలాంతర్గామిలో వంటవాడనీ, ఏడేళ్ళ కిందట మునిగిన ఆ ఓడ ఇంకా పైకి తేలలేదనీ, ఆయన ఉన్నాడో లేడో ప్రభుత్వానికే తెలియదనీ. అందరూ నవ్వారు. ఇళ్ళకు వెళ్ళి చెప్పుకున్నారు. నోళ్ళు మారేసరికి జలాంతర్గామి ఎగిరిపోయి "ఉన్నాడో లేడో" ఒక్కటే మిగిలింది. అది ఖమ్మం దాకా వెళ్ళింది.

ఖమ్మంలో ఉన్నది భవిత అత్తగారు. భవిత మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయి. ఏడో నెల. తల్లికి వీసా రాలేదు. అందుకని సీమంతంలో తొలి గాజు సూర్యకుమారి ఆంటీయే తొడగాలంది. ఆవిడ ముత్తైదువో కాదో తేలేదాకా గాజులు ముట్టుకోవద్దని అత్తగారంది.

సీమంతం మా హాల్లోనే. భవిత పసుపుగిన్నెతో సూర్యకుమారి ముందు కూర్చుంది. వీడియోకాల్‌లో అత్తగారు ఉన్న ఫోనును బల్లమీద నిలబెట్టారు.

"ఆమెను సాక్స్ తియ్యమను బిడ్డా. మట్టెలు చూస్త," అంది అత్తగారు. "తప్పు పట్టకుండ్రి."

"అత్తమ్మా, ప్లీజ్. ఆంటీకి చలి."

"ఇంట్ల హీటర్ లేదా?"

నేను కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాను. నా భార్య వైదేహి అది చూసింది.

"మీరు ఇటు రండి, పులిహోర కలపాలి."

"ఇక్కణ్ణుంచే కలుపుతాలే."

సూర్యకుమారి నావైపు ఒక చూపు చూసింది. కథ ఎక్కడ పుట్టిందో తెలిసినట్టే ఉంది. వంగి రెండు సాక్సులూ తీసేసింది.

ఎడమకాలికి బొటనవేలి పక్క రెండు వేళ్ళు లేవు. కుడికాలికి అక్కడే మూడు లేవు.

"ఇక్కడ నా మొదటి చలికాలం," అంది. "గోడౌన్ దగ్గర బస్ రాలేదు. కాన్వాస్ బూట్లతో రెండు గంటలు నడిచా. మంచుకు వేళ్ళు గడ్డకట్టి నల్లబడ్డాయి, నెల తిరక్కుండా డాక్టర్ తీసేశాడు. మట్టెలు పెట్టుకోడానికి వేళ్ళు లేవండీ, వదినగారూ."

"మరి గింతకాలం దాచుడెందుకు?"

"వేళ్ళు లేనిదాన్ని పేరంటంలో ముందు కూర్చోబెడతారో లేదోనని. వారమంతా నన్ను బ్యాడ్జి నంబరు పెట్టి పిలుస్తారు. ఈ పీటమీద కూర్చుంటేనే మనిషిలా ఉంటుంది నాకు." కాళ్ళు భవిత ముందుకు చాపింది. "మా ఆయన సంగతి కూడా అడగాలనుంటే అడగండి. చెప్తా."

ఫోనులో అత్తగారు నోరు తెరిచింది. నేనూ తెరిచాను. భవిత ఇద్దరికీ సందివ్వలేదు. వేళ్ళున్నచోటా లేనిచోటా ఒకేలా పసుపు రాసింది.

"అత్తమ్మా, చేతులనిండా పసుపుంది. మళ్ళీ చేస్తా," అని మోచేత్తో కాల్ కట్ చేసి, తొలి తాంబూలం సూర్యకుమారి చేతిలో పెట్టింది.

సూర్యకుమారి గాజుల పెట్టె దగ్గరికి లాక్కుంటూ నాతో అంది: "అన్నయ్యగారూ, మీకింకా డౌటున్నట్టుంది. గాజులయ్యాక అడుగుదురుగాని, కూర్చోండి."

పాపకు బారసాల కూడా అయిపోయింది. అప్పుడూ మొదటి తాంబూలం ఆవిడకే. నేనింకా అడగలేదు.