మస్కట్ దవాఖానాల మామిడి కొత్తలు

మా అమ్మంత మొండి మనిషిని నేను మళ్ళ చూడలే. గొంతుల కాన్సరని హైదరాబాద్‌ల చెప్పిన నాడు గూడ "గొంతే గదా, మాట్లాడుడు తగ్గిస్త తీ" అన్నది. నాయిన నవ్విండు. నవ్విన మనిషి బయటికొచ్చి దవాఖానా మెట్ల మీద కూలబడ్డడు.

అప్పటికి మా చెల్లె మస్కట్‌ల నర్సు. జూలూరుపాడు అవతల అడివి అంచున మాది కోయగూడెం. అక్కడి నుంచి విమానమెక్కిన మొదటి మనిషి అదే. అది పనిచేసే దవాఖానాల మిషన్లు మంచియి, డాక్టర్లు తెలిసినోళ్ళు, జల్దీ తీస్కరమ్మన్నది. అమ్మను పట్టుకొని నేను పోయిన. ఎడ్లను ఎవరు చూస్తరని నాయిన ఊర్లనే ఉండిపోయిండు.

అక్కడ మిషన్ కింద పండబెట్టి రోజూ గొంతుకు రేడియేషన్ కరెంటు పెట్టేటోళ్ళు. బరువు తగ్గితే కరెంటు ఆపాల్సొస్తది, ఏదో ఒకటి తినిపియ్యమని డాక్టర్ చెప్పిండు. ఏం తినిపియ్యాలె? జావ దిగలే. పాలు వాసనన్నది. చెల్లె డ్యూటీ దిగి బజారుకు పోయి మామిడిపండ్లు తెచ్చింది. రసం పిండి, వడగట్టి, చెంచతోని నోటికాడ పెట్టింది. అమ్మ వాసన చూసి మొఖం తిప్పుకున్నది.

"మనూర్ల కొత్తలైనయా?"

మా గూడెంల మామిడి కొత్తల పండుగ చేసి అమ్మోరికి పెట్టందే ఎవ్వరూ ఆ ఏటి కాయ నోట్లె పెట్టరు. కాయల టెంక ముదిరినంక పెద్దలు రోజు చెప్తరు. దానికింక నెల పైనే ఉన్నది.

"ఇది మన చెట్టు కాయ కాదమ్మా, మన దేశం కాయే కాదు. మన అమ్మోరికి దీంతోని ఏం సంబంధం?" అన్నది చెల్లె.

"కాయ ఎవలదైతేంది, నోరు నాదే గదనే."

నాకు ఒళ్ళు మండింది. "అయితే నీ కొత్తలు పట్టుకొని సావు" అన్న. అనంగనే నాకే ఏడ్పొచ్చింది. అమ్మ నా దిక్కు జూసి "అరవకు, నీ గొంతు గూడ పోతది" అన్నది.

మా గూడెంల అప్పటికి సెల్‌ఫోన్లు రాలే. చెల్లె జూలూరుపాడుల దుకాణానికి ఫోన్ చేసి నాయినను పిలిపిచ్చింది. నాయిన పోయి పెద్దలను కూసోబెట్టిండు. టెంక పట్టని పిందెలకు కొత్తలేందని కొందరు గట్టిగనే కొట్లాడిండ్రంట. ఆఖరికి పూజారే లేచి "అమ్మోరు తిడితే నన్ను తిడ్తది, నేను పడ్త" అన్నడంట. పిందెలే తెంపి, డోలు కొట్టి, కోడిని కోసి పండుగ చేసిండ్రు. మళ్ళ ఫోన్ల నాయిన "అయినయే, ఇగ తిను" అన్నడు. అమ్మ ఫోన్ చెల్లె చేతికిచ్చింది. తర్వాత గిన్నె ఇయ్యమని చెయ్యి చాపింది.

గట్ల కొన్నాళ్ళు రసం తాగింది, కరెంటు పెట్టిచ్చుకున్నది. మొఖంల కళ వచ్చిందని నేను సంబరపడ్డ. అమ్మ బతుకుతదనుకున్న. నిజంగనే అనుకున్న.

ఒకనాడు డాక్టర్ మా ఇద్దర్నీ పిలిచి ఇంగ్లీషుల మాట్లాడిండు. ఎంతమందికో ఇసోంటి మాటలు తెలుగుల చెప్పిన చెల్లె, నా దిక్కు తిరిగి నోరు తెరిచింది. యూనిఫాంల నిలబడి చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. ఊపిరితిత్తులకు పాకిందంట. ఇంటికి తీస్కపొమ్మన్నరు. చెల్లెకు సెలవు దొరకలే, అమ్మా నేనే తిరిగొచ్చినం.

వచ్చేసరికి మా గూడెంల చెట్ల కింద పండ్లు రాలి కుళ్ళుతున్నయ్. ఎవ్వరూ ఏరలే. ఇదేందని నాయిననడిగిన.

"గా కొత్తలు మీ అమ్మ కోసం చేసినయి. ఆమె వచ్చి కూసున్నంకనే ఊరు తినాలన్నరు పెద్దలు."

తెల్లారి అందరూ మా వాకిట్లకొచ్చిండ్రు. అమ్మను మంచంల దిండ్లకు ఆనిచ్చి కూసోబెట్టినం. అప్పటికి నీళ్ళు గూడ దిగుతలేవు. పూజారి వేలితోని రసం పెదాలకు రాసిండు. నాలుక కొసతోని తాకింది, అంతే. ఇగ మీరు తినుండ్రని చెయ్యి ఊపింది. కోసిన ముక్కలు చేతులు మారినయ్. తింటున్నోళ్ళందరి దిక్కు అమ్మ చూస్తనే ఉన్నది. ఎవరు మింగినా వాళ్ళతోపాటు అమ్మ గొంతు గూడ కదిలింది.

నేను ముక్క నోట్లె పెట్టుకొని అట్లనే కూసున్న.

"నా మొఖమేం జూస్తవే, మింగు" అన్నది, వినీ వినపడకుంట.

మింగిన.